గుడి కూలింది... రూపం మిగిలింది!

సిరియా ఎడారిలో ఖర్జూర చెట్ల మధ్య వెలసిన ఊరు పాల్మైరా. ఒకప్పుడు రోముకీ తూర్పు దేశాలకీ మధ్య సరకులు మోసే ఒంటెల బిడారులకు అదే మజిలీ. క్రీ.శ. 32లో ప్రతిష్ఠించిన బేల్ దేవుడి గుడి అక్కడ దాదాపు రెండువేల ఏళ్లు నిలిచింది. 2015 ఆగస్టులో ఐఎస్ ఉగ్రవాదులు దాన్ని పేల్చేశారు. ముఖద్వారం తప్ప గర్భగుడి అంతా రాళ్లకుప్పయింది. ఆ శిథిలాలనే కన్నబిడ్డల్లా చూసుకున్న పురావస్తు శాస్త్రవేత్త ఖాలిద్ అల్ అసాద్‌నూ అదే నెలలో చంపేశారు.

అయితే, అంతకు పదేళ్ల ముందే పాల్మైరాను కంప్యూటర్లో మళ్లీ కట్టడం మొదలుపెట్టాడో కుర్రాడు. పేరు బాసెల్ ఖర్తబిల్. డమాస్కస్‌లో పుట్టిన సాఫ్ట్‌వేర్ నిపుణుడు. 2005లో ఆ పనికి పూనుకునేనాటికి అతనికి పాతికేళ్లు కూడా లేవు.

కూలిన కట్టడానికి మళ్లీ రూపమివ్వడానికి ఫొటోలే ఆధారం. మన రెండు కళ్లూ ఒకే వస్తువును కాస్త తేడాగా చూస్తాయి. ఆ తేడాను బట్టే అదెంత దూరంలో ఉందో మెదడు పోల్చుకుంటుంది. సాఫ్ట్‌వేర్ చేసేదీ అదే. ఒకే స్తంభానికి వేర్వేరు వైపుల నుంచి తీసిన ఫొటోలను పోల్చి, ఎత్తూ లోతూ లెక్కగట్టి త్రీడీ రూపం తయారుచేస్తుంది. ఫొటోలు దొరకని చోట మాత్రం నిపుణుల ఊహే దిక్కు. ఇందుకు పనికొచ్చే ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి. వాటిని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపల ఎలా రాశారో చూడొచ్చు, మెరుగుపరిచి పదిమందికీ ఇవ్వొచ్చు. బాసెల్ నమ్మిందీ ఆ పద్ధతినే.

2012 మార్చి 15న సిరియా ప్రభుత్వం అతణ్ని అరెస్టు చేసింది. పని ఆగిపోవాల్సిందే... కానీ ఆగలేదు. 2015 అక్టోబరులో మిత్రులు అతని కృషి ఆధారంగా ‘న్యూ పాల్మైరా’ ప్రాజెక్టును ప్రారంభించారు. త్రీడీ నమూనాలను ఏ హక్కులూ అట్టిపెట్టుకోకుండా ప్రపంచానికి వదిలేశారు. కావాల్సినవారు తీసుకోవచ్చు, తప్పులు దిద్దొచ్చు, త్రీడీ ప్రింటర్‌తో అచ్చువేసుకోవచ్చు. అలా అచ్చువేసిన పాల్మైరా టెట్రాపైలాన్ నమూనాను 2017లో కెనడాలోని టొరంటోలో ప్రదర్శించారు.

బాసెల్ మాత్రం దాన్ని చూడలేదు. అతనికి 2015లోనే మరణశిక్ష అమలు చేశారన్న నిజాన్ని భార్య నూరా ఘాజీ 2017 ఆగస్టులో లోకానికి చెప్పారు.

ఆ బొమ్మలు గుడిని తిరిగి తేలేవు. కానీ అవి ఒక్కడి కంప్యూటర్లోనే ఉండిపోయి ఉంటే, అతనితోపాటే జైలుపాలయ్యేవి. పదిమందికీ పంచాడు కాబట్టే మిగిలాయి.