షీరాజ్ సీసా

"మీ పూర్వీకుల దేశం సరుకు సాయిబుగారూ, రుచి చూడండి" అంటూ వొక మిత్రుడు మా ముందు గ్లాసు పెట్టాడు. హైదరాబాదులో పుస్తకావిష్కరణ సభ అయ్యాక నలుగురం చేరిన రాత్రి అది. సీసా మీద 'షీరాజ్' అని ఉంది. అందరూ నవ్వారు. మేమూ నవ్వాం. ఇలాంటి చోట్ల ముందుగా మేమే నవ్వెయ్యడం బడి రోజుల నుంచీ అలవాటు.

షీరాజ్ మాకు కొత్త కాదు. పొదిలిలో మా నానీ మిరపకాయల తొడిమలు తీస్తూ, మండే చేతులు మజ్జిగలో ముంచుకుంటూ చెప్పేది: మనం షీరాజీలం బేటా, గుర్రాల మీద వచ్చినవాళ్ళం. ఒంగోలు దాటి ఎరగని మనిషి. అబ్బా జిన్నింగు మిల్లులో గుమాస్తా. నెలాఖరుకి బియ్యం నిండుకునేవి గానీ షీరాజ్ గులాబీలు మా ఇంట్లో ఏనాడూ వాడలేదు. బయట, క్రికెట్ మ్యాచి రోజున, పాకిస్తాన్ పొమ్మనేవాళ్ళు. లోపల నానీ షీరాజ్ అనేది. ఆలోచిస్తే ఇద్దరూ మమ్మల్ని పొదిలి నుంచి సాగనంపేవాళ్ళే. పొదిలి మాత్రం 1970 దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది. తర్వాత ఒంగోలు జిల్లాలోకి వచ్చింది. దాన్నెవరూ నువ్వెక్కడిదానివని అడగలేదు.

ఆ రాత్రి వొక గుక్క తాగాం. హరామని తెలిసే తాగాం. దాచుకోవడం లేదు, గొప్పగా చెప్పుకోవడమూ లేదు. నానీ ఊరు నాలుక మీద ఎలా ఉంటుందో చూద్దామనిపించింది. దోర నేరేడుకాయ కొరికినట్టు వగరు. సీసా తిప్పి చూస్తే కింద చిన్న అక్షరాల్లో నాసిక్ అని ఉంది.

విలేకరి బుద్ధి ఊరుకోదు కదా, ఆరా తీశాం. షీరాజ్‌లో వొకప్పుడు ద్రాక్షసారా పేరుపొందిన మాట నిజమే. 1979 విప్లవం తర్వాత ఇరాన్‌లో మద్యం నిషేధించారు. ఈ ద్రాక్ష అక్కడే పుట్టిందని వొక కథ ఉండేది. 1990ల చివర కాలిఫోర్నియా, ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు డీఎన్ఏ పరీక్షలు చేసి, దాని తల్లీతండ్రీ మాందూజ్ బ్లాంష్, దురేజా అనే ఫ్రాన్సు ద్రాక్షలేనని తేల్చారు. పేరు ఇరాన్‌ది, పుట్టుక ఫ్రాన్సుది, పంట నాసిక్‌ది. ఆ సీసా మీద మాకు జాలేసింది.

అసలు పరీక్ష తర్వాత వచ్చింది. అమ్మాయి కాలేజీ సీటుకి బీసీ-ఇ సర్టిఫికెట్ కావాలి. 2007 చట్టం ముస్లింలలో వెనకబడిన 14 వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. షేక్‌లు అందులో ఉన్నారు. సయ్యద్, మొఘల్, పఠాన్, అరబ్, ఇరానీలు లేరు. నానీ జీవితమంతా గొప్పగా చెప్పుకున్న మాటే ఆ కాగితం దగ్గర అడ్డం. తహసీల్దారు ఆఫీసులో గుమాస్తా మామూలుగానే అడిగాడు, "మీ పెద్దలది ఏ ఊరండీ?" అని. "పొదిలే" అన్నాం. గొంతు తడబడింది. నిజమని చెప్పామా, సీటు కోసం చెప్పామా, ఇప్పటికీ మాకు తేలలేదు.

ఇంటికొచ్చి ఈ మాట చెబితే మామూ చాలాసేపు మాట్లాడలేదు.

"అమ్మాజాన్ ముత్తాత తాళ్ళు గీసేవాడంట రా. ఆయన గీసిన కల్లు తాగేవాళ్ళే ఆయన్ని గుమ్మం బయట నిలబెట్టేవాళ్ళంట. కలమా చదివాక మోకు అటకెక్కించాడు. షీరాజ్ ఆ తర్వాతెప్పుడో వచ్చింది."

"తోబా! అమ్మాజాన్ ఉంటే నీ మూతి పగలగొట్టేది" అంది అమ్మీ. చెప్పింది అబద్ధమని మాత్రం అనలేదు.

మర్నాడు దర్శి రోడ్డు పక్కన తాటిముంజలు అమ్ముతుంటే డజను కొన్నాం. అమ్మాయి బొటనవేలితో పొడిచి, నీళ్ళు మోచేతిదాకా కారుతుండగా నాలుగు తింది. మామూ రెండు తిన్నాడు. అమ్మీ ఆ రోజు ముట్టలేదు.