పిల్లనిచ్చే ముందు

డబ్బిస్తే కుక్కపిల్లని చేతిలో పెట్టేస్తారనుకుంటాం కదా. మంచి బ్రీడర్లు అలా ఇవ్వరండీ. ఆడపిల్లనిచ్చేటప్పుడు అటు ఏడు తరాలూ చూసినట్టే చూస్తారు.

మా అబ్బాయి పోరు పడలేక రాజమండ్రిలో లాబ్రడార్లు పెంచే ఒకాయన దగ్గరకి వెళ్ళాం. సొంతిల్లా, అద్దిల్లా? పగలు ఇంట్లో ఎవరుంటారు? రోహిణి కార్తె ఎండల్లో డాబా మీద కట్టేస్తారా? అన్నీ అడిగారు. నెల పిల్లని ఇమ్మంటే ఒప్పుకోలేదు. 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 8 వారాలు నిండకుండా అమ్మకూడదు. తల్లి దగ్గర, తోబుట్టువులతో ఆడుకుంటేనే గట్టిగా కరవకూడదని నేర్చుకుంటాయట.

"మేం చూసుకుంటామండీ" అన్నారు మావారూ, అబ్బాయీ. ఆయన నావైపు తిరిగారు.

"వీళ్ళు బయటికెళ్ళాక చాకిరీ మీదేనమ్మా. మీకిష్టమేనా?"

ఫ్రిజ్ దగ్గర్నుంచి చుట్టాల దాకా మా ఇంట్లోకి ఏదొచ్చినా, ఎవరొచ్చినా, ముందుగా నన్నడిగినవాళ్ళు లేరు. ఆలోచించుకుంటానని నెల గడువడిగాను. "అలా చెప్పేవాళ్ళ దగ్గరే పిల్ల సుఖపడుతుంది. రేపు పెంచలేకపోయినా వీధిలో వదలకండి, నాకే తెచ్చివ్వండి" అన్నారు.

మీరూ తెచ్చుకోబోతుంటే, ఇన్ని ప్రశ్నలేంటని విసుక్కోకండి. ఏమీ అడక్కుండా ఇచ్చేవాళ్ళ దగ్గరే జాగ్రత్త.