మర్రిచెట్ల దారిలో పంచదార నెమలి

మా అక్కగారి ఊరు చేవెళ్ళ. అక్కడినుండి మొయినాబాద్ మీదుగా నగరానికి వచ్చే దారి మర్రిచెట్లకు ప్రసిద్ధం. ఎన్నిమార్లు చూసినా తనివితీరదు. అయితే ఒక శ్రావణమాసపు ఉదయాన మాత్రం నేను ఆ చెట్లవంక తలెత్తి చూడలేదు. దృష్టంతా గతుకులమీదే. వెనుక సీటులో మా మేనకోడలు, ఆమె ఒడిలో అట్టపెట్టె, అందులో మూరెడు ఎత్తు పంచదార నెమలి.

నగరంలో జరిగే పేస్ట్రీ పోటీకోసం చేసిన బొమ్మ అది. (పేస్ట్రీ అంటే క్రీము అద్దిన కేకుముక్కే అనుకునేవాణ్ణి. మీలోనూ కొందరుంటారు, ఒప్పుకోండి!) పంచదారను సుమారు 160 డిగ్రీల దాకా ఉడికించి, ఆ వేడి ముద్దను లాగి మడిచి, మళ్ళీ లాగి, పట్టులా మెరిసేదాకా సాగదీయాలి. ఆపైన ఒక్కొక్క ఈకనూ చేతితో తీయాలి. పిల్ల వేళ్ళ కొసలన్నీ బొబ్బలే. ఇంతా చేస్తే, వానాకాలపు గాలి సోకితే చాలు, ఆ పాకం చెమర్చి జిగురవుతుంది. అందుకే పెట్టెనిండా తేమ పీల్చే పొట్లాలు, కొత్త చెప్పుల డబ్బాల్లో వస్తాయే, అవి.

"చిలుకూరుల దిగి 11 ప్రదక్షిణలు చేసి పోదాం" అన్నది అక్క.

"టైం లేదమ్మా. గెలిస్తే 108 చేద్దువు తియ్యి" అన్నది కూతురు.

మొయినాబాద్ ఇంకా రాలేదు. కూరగాయల ఆటో ఒకటి అడ్డం వచ్చింది. బ్రేకు వేశాను. వెనుకనుండి సన్నగా 'టిక్'మని చప్పుడు. నెమలి మెడ విరిగింది.

పిల్ల ఏడవలేదు. "మామా, పక్కకు ఆపు" అన్నది, అంతే. మర్రికింద నిలబడి, చిన్న గ్యాసుమంటతో రెండు కొసలనూ కరిగించి అతికించింది. గట్టిపడేదాకా నేను అట్టముక్కతో విసిరాను. మెడ కొంచెం వెనక్కు తిరిగింది. బహుమతి రాలేదు.

చాలాకాలానికి 'కింగ్స్ ఆఫ్ పేస్ట్రీ' అనే 2009 నాటి డాక్యుమెంటరీ చూశాను. ఫ్రాన్సులోని లియాన్‌లో 16 మంది, మూడు రోజుల పరీక్ష. అందులో ఒకరినొకరు ఓడించడం లేదు. ప్రమాణాన్ని అందుకున్న ప్రతివారికీ ఆ దేశపు ఉత్తమ పనివాడన్న బిరుదు, మూడు రంగుల కాలరు. ఫిలిప్ రిగొల్లో అనే ఆయన చేసిన పంచదార శిల్పం కూలిపోయింది. వెక్కివెక్కి ఏడ్చి, మళ్ళీ పనికి పూనుకున్నాడు. ఆయనకు కాలరు దక్కింది. చిత్రం ఆసాంతం మనం వెన్నంటి నడిచిన జాకీ ఫైఫర్‌కు దక్కలేదు. అప్పటిదాకా మేనకోడలికి క్షమాపణ చెప్పలేదని ఆ రాత్రే గుర్తుకొచ్చింది. ఫోను చేసి చెప్పాను. నవ్వి, "వచ్చేనెల ఇంకోటుంది, రా మామా" అన్నది.

వెళ్ళాను. ఈసారి బండి తనే నడిపింది. పెట్టె నా ఒడిలో పెట్టింది. మొయినాబాద్ దాటేదాకా నేను ఊపిరి పీల్చుకున్నానో లేదో చెప్పలేను.