ఇంటి మంచం మీది జబ్బు

మన ఇండ్లలో గురకను ఎవరూ జబ్బు క్రింద జమ కట్టరు. "హాయిగా గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు, అదృష్టవంతుడు" అంటాము. కాపురానికి వచ్చిన కోడలు నాలుగు రోజులు చెవుల మీద దిండు పెట్టుకొని, అయిదవనాటికి అలవాటు పడుతుంది. నేనూ ముప్పదియారు సంవత్సరాలుగా అలా అలవాటు పడినదాననే. కాని గురక వినబడినంతసేపు ఫరవాలేదనీ, అది ఉన్నట్టుండి ఆగిపోయినప్పుడే కంగారు పడవలెననీ మాకు రెండేండ్ల క్రిందట తెలిసివచ్చినది. దానితోపాటు తెలిసిన డబ్బు సంగతులు కొన్ని ఉన్నవి. అవి మన సోదరీమణులకు ఉపయోగపడగలవని వ్రాస్తున్నాను.

ఆ జబ్బు పేరు స్లీప్ ఆప్నియా. నిద్రలో గొంతు వెనుకనున్న మెత్తని కండ వదులై ఊపిరి దారిని మూసివేస్తుంది. పది సెకండ్లో, ఇరవై సెకండ్లో, ఒక్కొక్కప్పుడు అంతకు మించియో ఊపిరి ఆడదు. రక్తములో ప్రాణవాయువు తగ్గగానే మెదడు ఉలిక్కిపడి మనిషిని కొంచెము లేపుతుంది. అతడు గట్టిగా ఎగఊపిరి తీసి మళ్ళీ నిద్రలోకి జారుకొంటాడు. తెల్లవారిన తరువాత అతనికి ఒక్కటీ జ్ఞాపకముండదు. ప్రక్కన పడుకొన్నవారే సాక్షులు.

మావారికి ఇప్పుడు 61 సంవత్సరాలు. బరంపురములో చిన్న బట్టల దుకాణము. రాత్రి ఎనిమిది గంటలు నిద్రపోయినా పగలు గల్లాపెట్టె ముందు కునుకుతూ ఉండేవారు. రక్తపు పోటుకు మూడు రకాల మాత్రలు మ్రింగినా అది దిగివచ్చేది కాదు. ఒకనాటి సాయంకాలము గోపాలపురం రోడ్డు మీద స్కూటరు నడుపుతూనే కన్ను మూతపడి, ప్రక్క కాలువ అంచుదాకా పోయి నిలిచినారు. మా డాక్టరుగారు ఆ మాట విని మాత్రలు మార్చలేదు; "రాత్రి ఈయన ఊపిరి ఎట్లా ఉంటుందమ్మా?" అని నన్ను అడిగినారు. నేను చెప్పినది విని, విశాఖపట్నము వెళ్ళి నిద్ర పరీక్ష చేయించుకొని రమ్మన్నారు.

పరీక్ష అంటే ఒక రాత్రి అక్కడ నిద్రపోవుటే. తలకు, ఛాతీకి, వ్రేలికి తీగలు తగిలించినారు. రిపోర్టులో గంటకు సగటున 42 సార్లు ఊపిరి అడ్డుపడినదనీ, ప్రాణవాయువు ఒక దశలో 74 శాతానికి దిగినదనీ ఉన్నది. గంటకు అయిదుసార్లకు లోపు అయితే మామూలు. అయిదు మొదలు పదునైదు వరకు స్వల్పము. ముప్పది దాటితే తీవ్రము. రాత్రికి ఏడు గంటల నిద్ర అనుకొంటే మావారి గొంతు దాదాపు మూడువందల సార్లు మూతపడుతున్నదన్నమాట.

దీనికి మందు మాత్ర కాదు, ఒక యంత్రము. సీప్యాప్ అంటారు. మంచము ప్రక్క చిన్న పెట్టె, దానినుండి ఒక గొట్టము, ముక్కుకు తొడుగు. అందులోనుండి వచ్చేది ప్రాణవాయువు అని చాలమంది అనుకొంటారు. కాదు, మన గదిలోని గాలే. దానిని మెత్తని ఒత్తిడితో లోపలికి పంపి, గొంతు మూతపడకుండా నిలబెడుతుంది. ఆస్ట్రేలియాలో కాలిన్ సల్లివాన్ అనే వైద్యుడు ఈ పద్ధతిని 1981లో లాన్సెట్ పత్రికలో ప్రకటించినాడు. అంతకుముందు తీవ్రమైన రోగికి గొంతుకు కన్నము చేయుటే ఉపాయముగా ఉండేది. కత్తి లేకుండా పని జరిగే కాలములో పుట్టినందుకు సంతోషించవలసినదే.

ఇక ఖర్చు. మేము పదకొండు సంవత్సరాలుగా ఆరోగ్య బీమాకు ప్రీమియము కడుతున్నాము. ఇద్దరికీ కలిపి అయిదు లక్షల పాలసీ. ఒక్కసారి కూడ పైసా అడిగి ఎరుగము. కనుక యంత్రము కొని, బిల్లులు, రిపోర్టు, డాక్టరుగారి చీటీ అన్నీ జతచేసి పంపినాము. మూడు వారాలకు జవాబు వచ్చినది. పరీక్ష రోగ నిర్ధారణకు మాత్రమే చేసినది గనుకను, ఇరవైనాలుగు గంటలు ఆసుపత్రిలో లేరు గనుకను దాని సొమ్ము ఇవ్వరట. యంత్రము ఇంటిలో వాడుకొనే మన్నికైన పరికరము గనుక దాని సొమ్మూ ఇవ్వరట.

ఆ ఉత్తరము నన్ను అంతగా బాధపెట్టలేదు. దానిని చదివి మావారు అన్న మాట బాధపెట్టినది. "చూచితివా? ఇది అక్కరలేని వస్తువని కంపెనీవారే అంటున్నారు. నిజముగా జబ్బే అయితే వాళ్ళు ఇవ్వకపోదురా? దుకాణమువాడు తిరిగి తీసుకొంటాడేమో కనుక్కో" అన్నారు. ఆ రాత్రి తొడుగు పెట్టుకోకుండానే పడుకొన్నారు. నేను దీపము తీసివేసి, గడియారము పట్టుకొని కూర్చున్నాను. ఒకసారి ఇరవైయేడు సెకండ్లు ఊపిరి లేదు.

తెల్లవారి కాఫీ ఇస్తూ ఆయనతో ఒక్కటే చెప్పినాను: "ఇవ్వము అనుట వేరు, అక్కరలేదు అనుట వేరు. వాళ్ళు వ్రాసినది మీ ఊపిరిని గురించి కాదండీ, వాళ్ళ కాగితమును గురించి." తరువాత పాలసీ పుస్తకము తీసి, కళ్ళజోడు పెట్టుకొని, మొదటినుండి చివరిదాకా ఇద్దరమూ చదివినాము. అందులో మాకు తేటపడిన సంగతులు ఇవి.

మన దేశములో ఆరోగ్య బీమా చాలవరకు ఆసుపత్రి మంచమునకు చేసిన బీమా. చేరుట, శస్త్రచికిత్స, గది అద్దె, ఇంటికి పంపుట, వీటి చుట్టూ అల్లిన కాగితమది. ఇదే సీప్యాప్ యంత్రమును జబ్బు చేసి ఆసుపత్రిలో చేరినప్పుడు అక్కడ పెడితే దాని ఖర్చు వైద్యపు ఖర్చులో కలిసిపోతుంది. ఇంటికి తెచ్చుకొంటే అది సామాను అవుతుంది. ఈ జబ్బు మాత్రము ఇంటి మంచము మీద, ప్రతి రాత్రి, జీవితాంతము ఉండేది.

ఇంకొక విచిత్రము చూడండి. స్థూలకాయానికి చేసే శస్త్రచికిత్సకు ఏయే పరిస్థితులలో డబ్బు ఇవ్వవచ్చునో నియంత్రణ సంస్థవారు 2019లో ప్రామాణికముగా కూర్చిన నిబంధన ఒకటి మా పాలసీలోనూ ఉన్నది. బరువును ఎత్తుతో లెక్కగట్టే కొలత 40 ఉండవలెను. లేదా 35 ఉండి, బరువు తగ్గించే తేలిక మార్గాలు ఫలించక, దానికి తోడు తీవ్రమైన జబ్బు ఏదైనా ఉండవలెను. ఆ జబ్బుల పట్టికలో "తీవ్రమైన స్లీప్ ఆప్నియా" అని పేరుపెట్టి ఉన్నది! అంటే ఈ జబ్బు తీవ్రమైనదని బీమా కాగితానికి తెలియకపోలేదు. దానికోసము కడుపు కోస్తే లక్షలు ఇచ్చే వీలున్నది. గాలి ఊదే పెట్టెకు లేదు. మావారి కొలత 29 మాత్రమే. ఆయనకు కత్తీ అక్కరలేదు, దాని సొమ్మూ రాదు. ఈ వాక్యము చదివిన తరువాత ఆయన యంత్రము తిరిగి ఇచ్చే మాట ఎత్తలేదు.

మా ఇంటి లెక్క దాచకుండా వ్రాస్తాను. నిద్ర పరీక్షకు 11,000 రూపాయలు. విశాఖపట్నము రాకపోకలకు, బసకు 4,200. తేమ పెట్టెతో కూడిన యంత్రము, దానితో ఇచ్చిన తొడుగు 47,500. ఆ తొడుగు మావారి ముక్కుకు సరిపడక ప్రక్కలనుండి గాలి పోయి కళ్ళు మండినవి. రెండవ తొడుగుకు 6,800. ఇన్వర్టరుకు కొత్త బ్యాటరీ 14,500. 2013లో ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరము దాటినప్పుడు మా వీధికి ఎన్ని రోజులు దీపము లేదో మరచిపోగలమా? మొత్తము 84,000 రూపాయలు. వెనుకగది కప్పు బాగుచేయుటకు కూడబెట్టిన సొమ్ములో నుండి ఇది పోయినది. ఆ గదిలో ఈనాటికీ వానాకాలము రెండు గిన్నెలు పెడుతున్నాము.

అంతటితో అయిపోలేదు. గాలిని వడకట్టే ఫిల్టరులు, తొడుగు మెత్త, తేమ పెట్టెలో పోసే శుద్ధజలము కలిపి ఏడాదికి అయిదువేలు అవుతున్నది. కొనేటప్పుడు యంత్రము ధర ఒక్కటే అడుగుతాము. తొడుగు విడిగా ఎంత, ఫిల్టరు ఎంత, మన ఊరికి వచ్చి బాగుచేసేవాడున్నాడా అని అడుగుట ముఖ్యము. నెల బాడుగకు ఇచ్చేవారున్నారు. ముందు నెలరోజులు బాడుగకు తెచ్చి, మనిషికి అలవాటైన తరువాత కొనుట మేలు. అలవాటు కాక అటకెక్కిన యంత్రములు తక్కువ ధరకు వస్తవి గాని, వాటి విషయములో జాగ్రత్త. ఫిలిప్స్ కంపెనీవారు లోపలి నురుగు పదార్థము చెడిపోతున్నదని 2021 జూన్‌లో లక్షల కొలది యంత్రములను వెనుకకు పిలిచినారు. పాతది కొనేవారు దాని నంబరు చూపించి విచారించుకొనవలెను.

మరి ఇతరుల సంగతి? చెన్నపట్నములోని మా అన్నయ్య కేంద్ర ప్రభుత్వ ఉద్యోగము చేసి విశ్రాంతి తీసుకొన్నవాడు. వారికి సి.జి.హెచ్.ఎస్. ఉన్నది. నిపుణుడి చీటీ, నిద్ర పరీక్ష రిపోర్టు పెట్టి ముందుగా అనుమతి తెచ్చుకొంటే, యంత్రానికి ఒక హద్దు వరకు సొమ్ము తిరిగి ఇస్తారు. అమెరికాలో మా ఆడబిడ్డకు మెడికేర్. అక్కడ మొదట పన్నెండు వారాలు పరీక్షార్థము ఇస్తారు. పదమూడు నెలలు అద్దె కట్టిన తరువాత యంత్రము రోగిది అవుతుంది. మొదట కట్టుకోవలసిన మొత్తము పోను, ఆమోదించిన ధరలో ఇరవై శాతము ఆమె వంతు. కాని షరతు ఉన్నది: మొదటి మూడు నెలలలో వరుసగా ముప్పది రోజుల కాలములో నూటికి డెబ్బది రాత్రులు, రాత్రికి నాలుగు గంటలకు తక్కువ కాకుండా వాడినట్లు యంత్రమే సాక్ష్యము చెప్పవలెను. "నిద్రపోవుటకు కూడ హాజరు పట్టీ ఉన్నదమ్మా ఇక్కడ" అని ఆమె నవ్వుతుంది. మన ప్రక్క డెబ్బది దాటినవారికి 2024 నుండి ఇస్తున్న ఆయుష్మాన్ కార్డు అయిదు లక్షలదే అయినా, అదీ ఆసుపత్రిలో చేరిన వైద్యానికే.

కొత్తగా పాలసీ తీసుకొనేవారికి రెండు మూడు మాటలు. కాగితము చేతికి వచ్చిన తరువాత ముప్పది రోజుల లోపల నచ్చకపోతే తిరిగి ఇవ్వవచ్చును. ఆ ముప్పది రోజులలో "ఇవి ఇవ్వబడవు" అన్న పుటలు ముందు చదవండి. అదనపు రుసుముకు బయటి రోగుల వైద్యము చేర్చుకొనే పాలసీలు ఉన్నవి. వాటిలో ఇంటి పరికరములు ఉన్నవో లేవో ఏజెంటు నోటిమాటగా కాక వ్రాతలో అడగండి. జబ్బు బయటపడిన తరువాత పాలసీ తీసుకొంటే దానిని దాచకండి. ఉన్న జబ్బులకు వేచియుండవలసిన కాలము 2024 ఏప్రిల్ నుండి మూడు సంవత్సరాలకు మించరాదు; దాచితే మాత్రము రేపు గుండెకు సంబంధించిన పెద్ద ఖర్చు వచ్చినప్పుడు అదే ఎదురు తిరుగుతుంది.

న్యాయముగా రావలసినది రానప్పుడు ఊరుకోనక్కరలేదు. ముందు కంపెనీకి వ్రాతమూలకముగా ఫిర్యాదు చేయవలెను. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చినది తృప్తికరముగా లేకపోయినా, బీమా ఆంబుడ్స్‌మన్‌కు వ్రాసుకోవచ్చును. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. ఒడిస్సావారికి ఆ కార్యాలయము భువనేశ్వరములో ఉన్నది. మేము వెళ్ళలేదు, మా కాగితములో ఆ ఖర్చు ఇవ్వబడదని అచ్చు వేసియే ఉన్నది. అచ్చు వేసిన మాట మార్చవలసినది నియమములు చేసేవారు.

మాకు వెనుకగది కప్పు ఆగినది గాని బియ్యము ఆగలేదు. రాత్రంతా లారీ నడిపేవాడికి, మగ్గము మీద బ్రతికేవాడికి 84,000 అంటే ఏమి చెప్పగలము? ఆ లారీవాడు చక్రము ముందు కునికితే ప్రమాదము అతనొక్కడిదే కాదు గదా. ఒక రాత్రి ఆసుపత్రిలో ఉంచుటకు వెచ్చించే సొమ్ముకు సిద్ధపడే కాగితము, ఏళ్ళ తరబడి ఆసుపత్రి మెట్లు ఎక్కకుండా చూచే పరికరానికి సగమైనా ఇవ్వరాదా అన్నదే నా ప్రశ్న.

ఇప్పుడు మావారి రిపోర్టులో గంటకు 42 పోయి 3 అయినది. రక్తపు పోటు మాత్రలలో ఒకటి డాక్టరుగారు తగ్గించినారు. దుకాణములో మధ్యాహ్నపు బేరము పోవుట లేదు. కనుక సోదరీమణులకు నా మనవి ఇంతే: మీ ఇంటిలో ఎవరికైనా ఈ పరికరము వ్రాసియిస్తే, బీమావారి జవాబు వచ్చేదాకా మంచము ఖాళీగా ఉంచకండి. బాడుగకైనా తెచ్చి పెట్టండి. ఆ జవాబు డబ్బుకు సంబంధించినది. ఊపిరి సంగతి డాక్టరుగారి చీటీలో ముందే ఉన్నది.