మామ్మా మనవడూ... పాపికొండలూ!

నడవలేని పెద్దవాళ్లనీ ఓచోట నిలవలేని పిల్లల్నీ వెంటబెట్టుకుని విహారానికి వెళ్లాలంటే చాలామందికి భయం. ఆ ఇద్దరికీ చక్కగా సరిపోయే ప్రయాణం మన గోదారి మీదే ఉంది. కాకపోతే... ఒడ్డు నుంచి బోటు దాకా ఉన్న ఆ నాలుగడుగుల గురించీ, ఒంటిమీద వేసుకునే జాకెట్ గురించీ ఇంటి దగ్గరే ఆలోచించుకుని బయల్దేరాలి!

రైలెక్కితే కిటికీ సీటు కోసం పిల్లలు కొట్టుకుంటారు. కొండమీది గుడికి వెళ్తే 'మీరు వెళ్లిరండర్రా, నేనిక్కడ కూర్చుంటా' అంటూ మామ్మ తొలిమెట్టు దగ్గరే ఆగిపోతుంది. అరకు వెళ్లినా, ఊటీ వెళ్లినా చూడాల్సినవాటి దగ్గరికి మనమే నడవాలి. మోకాళ్లు సహకరించనివాళ్లు కారులోనో హోటల్ గదిలోనో ఉండిపోవాలి. ఇంటిల్లిపాదీ కలిసి వెళ్తారన్న మాటే కానీ చూసొచ్చేది సగం మందే.

బోటెక్కితే మాత్రం ఆ లెక్క మారిపోతుంది. అక్కడ ఎవరూ నడవక్కర్లేదు. కొండలే మన దగ్గరికి వస్తాయి. కాళ్లున్నవాళ్లూ లేనివాళ్లూ, ఆరేళ్ల మనవడూ డెబ్భై ఏళ్ల మామ్మా... అందరూ కూర్చునే చూడాలి. అందరిదీ కిటికీ సీటే!

పాయ తీసిన కొండలు

పాపికొండల పేరు వెనక ఓ ముచ్చటైన మాట ఉంది. రెండువైపులా దువ్విన జుట్టు మధ్య పాపిడిలా కొండల నడుమ నుంచి గోదావరి పారుతుంది కాబట్టి పాపిడికొండలు అన్నారనీ, అదే వాడుకలో పాపికొండలు అయిందనీ చెబుతారు. ఆ మాట చెప్పి చూడండి, మీ అమ్మాయి వెంటనే తన పాపిడి తడుముకుంటుంది.

రాజమండ్రి దగ్గర గోదారిని చూసినవాళ్లకి దాని విశాలం గురించి చెప్పక్కర్లేదు. అక్కడి ఆర్చి వంతెన పొడవే సుమారు 2.7 కిలోమీటర్లు. అంత నదీ ఇక్కడ తూర్పుకనుమల్ని చీల్చుకుని వస్తూ కొన్ని వందల మీటర్ల సందులోకి ఒదిగిపోతుంది. ఇదిగో ఇక్కడితో అయిపోయింది, ముందు దారి లేదు అనిపిస్తుంది. బోటు మలుపు తిరగ్గానే కొండ పక్కకి జరిగి ఇంకో కొండ ఎదురవుతుంది. పిల్లలకు ఇదో దాగుడుమూతల ఆట. చుట్టూ ఉన్న అడవిని 2008లో పాపికొండ జాతీయ పార్కుగా ప్రకటించారు. చలికాలం ఉదయాన్నే ఆ అడవి మీంచి మంచు దిగి నీళ్ల మీద పరుచుకుంటుంటే ఫోనులో ఆటలాడే పిల్లాడు కూడా తలెత్తి చూస్తాడు. ఎలాగూ కొండల మధ్య చాలాచోట్ల సిగ్నళ్లు అందవు!

మామ్మ చెప్పే కథలు

ఈ దారి పిల్లలకు కొత్త కానీ పెద్దవాళ్లకు కాదు. రోడ్లు సరిగా లేని రోజుల్లో రాజమండ్రి నుంచి భద్రాచలానికి లాంచీల్లోనే వెళ్లేవారు. సీతారాముల కల్యాణానికి మూటాముల్లే సర్దుకుని లాంచీ ఎక్కిన జ్ఞాపకాలు గోదావరి జిల్లాల్లో ఎంతోమంది మామ్మల దగ్గర ఉన్నాయి. 1973లో బాపు, ముళ్లపూడి వెంకటరమణల 'అందాల రాముడు' ఆ ప్రయాణాన్నే తెరకెక్కించింది. ఆ తర్వాత తరానికి 2006లో శేఖర్ కమ్ముల 'గోదావరి' మళ్లీ అదే దారి చూపించింది. అందుకే ఈ బోటులో పెద్దవాళ్లని తీసుకెళ్లడం అంటే ఏదో మొహమాటానికి వెంటబెట్టుకెళ్లడం కాదు. దారి చెప్పేది వాళ్లే.

ఇంకో కారణం కూడా ఉంది. వాళ్లు చూసిన గోదారి ఇప్పుడు మారిపోతోంది. పోలవరం ప్రాజెక్టు కోసం 2021 జూన్‌లో నది ప్రవాహాన్ని స్పిల్‌వే మీదుగా మళ్లించారు. దేవీపట్నం వైపు ఒడ్డునున్న ఊళ్లు ముంపు కారణంగా ఖాళీ అయ్యాయి. ఒకప్పుడు పట్టిసీమ దగ్గరా, పురుషోత్తపట్నం దగ్గరా ఎక్కే బోటును ఇప్పుడు ఇంకాస్త ఎగువన గండిపోచమ్మ గుడి దగ్గర ఎక్కాల్సివస్తోంది. 'ఇక్కడో ఊరుండేదిరా' అని చెప్పగలిగేవాళ్లు పక్కనుండగా ఈ ప్రయాణం చేస్తే పిల్లలకు కొండలతో పాటు ఆ ఊళ్లూ తెలుస్తాయి.

కష్టమంతా ఒడ్డు దగ్గరే

బోటులో కూర్చున్నాక ఏ ఇబ్బందీ లేదు. చిక్కంతా ఎక్కడమూ దిగడమే. నది రోజుకో మట్టంలో ఉంటుంది. నీళ్లు తగ్గితే మెట్లు పెరుగుతాయి, మెట్లయిపోయాక బురదో ఇసుకో ఉంటుంది. దాని చివర బోటుకీ ఒడ్డుకీ మధ్య చెక్కబల్ల. కుర్రాళ్లు రెండంగల్లో దాటేసే ఆ బల్ల, చేతికర్ర పట్టుకున్నవాళ్లకు కొండంత. 'చెయ్యివ్వండి మామ్మగారూ, నేనున్నాగా' అంటూ బోటు కుర్రాళ్లు సాయం పట్టడం మామూలే. కొన్నిసార్లు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు కలిసి మోసేస్తారు కూడా. వాళ్ల మంచితనానికి దణ్ణం పెట్టాల్సిందే. కానీ తడిసిన బల్ల మీద జారితే మోసేవాళ్లకీ కూర్చున్నవాళ్లకీ ప్రమాదమే.

ఈ తిప్పలు మన రేవులకే పరిమితం కాదు. లిఫ్టులూ, చక్రాల కుర్చీ పట్టేంత వెడల్పు తలుపులున్న గదులూ ఉండే పెద్దపెద్ద విహార నౌకలకీ ఉన్నాయి. రేవులోకి వెళ్లలేనిచోట నౌక సముద్రంలోనే ఆగుతుంది. ప్రయాణికుల్ని చిన్న పడవల్లో ఒడ్డుకు చేరుస్తారు. అలలు ఎక్కువగా ఉంటే చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లను ఆ పడవల్లోకి ఎక్కించరు. ఊరు కళ్లముందే ఉన్నా వాళ్లు నౌకలోనే ఉండిపోవాలి.

అయితే దీనికి మందు లేకపోలేదు. కొచ్చిలో 2023 ఏప్రిల్‌లో మొదలైన వాటర్ మెట్రోను చూడండి. అక్కడ ప్రయాణికులు బోటెక్కే వేదిక నీళ్లమీద తేలుతూ ఉంటుంది. నీటిమట్టం పెరిగితే బోటుతో పాటు అదీ లేస్తుంది, తగ్గితే దిగుతుంది. రెండూ ఎప్పుడూ ఒకే ఎత్తులో ఉంటాయి. చక్రాల కుర్చీని నేరుగా తోసుకుంటూ లోపలికి వెళ్లిపోవచ్చు. రవాణా సౌకర్యాలు వికలాంగులకు అందుబాటులో ఉండాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమూ చెబుతోంది. అన్ని మీటర్ల మేర లేచి దిగే గోదారికి ఆ ఏర్పాటు చెయ్యడం కొచ్చిలో చేసినంత తేలిక కాకపోవచ్చు. కానీ ఓ తేలే వేదిక, పట్టుకోవడానికి కమ్మీ ఉన్న వాలుదారి... ఈ రెండూ ఉంటే చాలు, మెట్ల దగ్గర ఆగిపోయే మామ్మలెందరో నది మీదికొస్తారు.

కచ్చులూరు చెప్పిన పాఠం

పిల్లల్ని తీసుకెళ్తున్నప్పుడు ఒక తేదీని మరిచిపోకూడదు. 2019 సెప్టెంబరు 15, ఆదివారం. గోదారిలో 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద పోతోంది. పాపికొండలకు బయల్దేరిన బోటు కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. 26 మంది మాత్రమే ప్రాణాలతో బయటపడ్డారు. 50 మంది దాకా గోదారి పాలయ్యారు. అక్టోబరు 22న గానీ బోటును పైకి తీయలేకపోయారు.

కొండల మధ్య నది ఎందుకంత అందంగా ఉంటుందో, వరదప్పుడు అందుకే అంత భయంకరంగా ఉంటుంది. కిలోమీటర్ల వెడల్పున పారే నీరంతా సన్నటి సందులోంచి పోవాలంటే లోతూ పెరుగుతుంది, వేగమూ పెరుగుతుంది. మలుపుల దగ్గర సుడులు తిరుగుతుంది. ఆ ప్రమాదం తర్వాత రాష్ట్రవ్యాప్తంగా 9 చోట్ల బోటు కంట్రోల్ రూములకు 2019 నవంబరులో శంకుస్థాపన చేశారు. వాటిలో గండిపోచమ్మ, పేరంటాలపల్లి, పోచవరం కూడా ఉన్నాయి. ఆగిపోయిన విహారం 2021లో మళ్లీ మొదలైంది. వరద వస్తే బోట్లు ఆపేస్తారు. 'ఇంత దూరం వచ్చాం, ఎలాగోలా తీసుకెళ్లండి' అని ఎవర్నీ బతిమాలకండి. ఆపినవాళ్లు మన మేలు కోరినవాళ్లే.

సముద్రం మీదా ఇలాంటి పాఠమే ఒకటుంది. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా అనే విహార నౌక రాయికి కొట్టుకుని ఒరిగిపోయింది. 32 మంది చనిపోయారు. ప్రమాదం జరిగితే ఎక్కడికి చేరాలో, జాకెట్ ఎలా వేసుకోవాలో ప్రయాణికులకు చూపించే కసరత్తును అప్పటి నిబంధనల ప్రకారం నౌక ఎక్కిన 24 గంటల్లోపు చేయిస్తే సరిపోయేది. ఆ రోజే ఎక్కిన వందలమందికి అది ఇంకా జరగనే లేదు! దాంతో అంతర్జాతీయ నిబంధన మార్చారు. 2015 జనవరి 1 నుంచి నౌక కదలకముందు గానీ కదిలిన వెంటనే గానీ ఆ కసరత్తు జరిగి తీరాలి. మన బోటులోనూ సరంగు ఇంజను వేసేలోపు అడగాల్సింది అదే... జాకెట్లు ఎక్కడ, బయటికి దారి ఎటు?

పెద్దల జాకెట్ పిల్లలకు వద్దు

నౌకల్లో పిల్లలందరికీ వాళ్ల సైజు లైఫ్ జాకెట్లు ఉండాలన్నది మరో అంతర్జాతీయ నియమం. పిల్లలు తక్కువగా ఉన్నా సరే, మొత్తం ప్రయాణికుల్లో 10 శాతానికి సరిపడా పిల్లల జాకెట్లు ఉంచుకోవాలి. ఎందుకంటే పెద్దల జాకెట్ పిల్లాడికి వేస్తే నీళ్లలో పడగానే అది పైకి లేచి తలమీంచి ఊడిపోతుంది. జాకెట్ పైకి, పిల్లాడు కిందికి!

సరిపోయిందో లేదో తెలుసుకోవడం సులువే. జాకెట్ వేసి పట్టీలన్నీ బిగించండి. పిల్లాణ్ని చేతులు పైకెత్తమనండి. భుజాల దగ్గర పట్టుకుని జాకెట్‌ను పైకి లాగండి. గడ్డం దాకా, చెవుల దాకా వచ్చేస్తే అది పెద్దది. కాళ్ల మధ్యనుంచి కట్టే పట్టీ ఉన్న జాకెట్ చిన్నపిల్లలకు ఇంకా మంచిది. ఒళ్లో పాపాయికి సరిపడా జాకెట్ లేదంటారా? మీ జాకెట్ లోపల పాపను పెట్టి కట్టుకోవద్దు. ఆ ప్రయాణం పాప కాస్త పెద్దదయ్యాక పెట్టుకోండి. కొండలు ఎక్కడికీ పోవు.

జాకెట్ ఉక్కగా ఉందనో, ఫొటోలో బాగోలేదనో విప్పి కుర్చీకి తగిలించకండి. మనం విప్పితే పిల్లలూ విప్పుతారు. ఏదో కనిపించిందని అందరూ ఒకేవైపుకి ఎగబడటం, పైడెక్ మీద గుమిగూడి డాన్సులు చెయ్యడం బోటును ఒరిగేలా చేస్తాయి. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లని కమ్మీకి దూరంగా, బోటు మధ్యలో కూర్చోబెట్టి బ్రేకులు వెయ్యండి. వాళ్లని మాత్రం కుర్చీకి కట్టెయ్యకండి. ఆపదలో ఆ కట్టే వాళ్లను లేవనివ్వదు.

పేరంటాలపల్లిలో కాసేపు

బోటు ఆగే చోట్లలో అందరికీ నచ్చేది పేరంటాలపల్లి. అడవిలో శివాలయం, బాలానంద స్వామి నెలకొల్పిన రామకృష్ణ మునివాటం అక్కడున్నాయి. కొండరెడ్లు వెదురుతో చేసిన బొమ్మలూ పూలసజ్జలూ అమ్ముతారు. బేరమాడకుండా కొనండి. గుడికి మెట్లెక్కాలి కాబట్టి పెద్దవాళ్లు బోటులోనే ఉంటామనొచ్చు. అలాంటప్పుడు ఇంట్లోవాళ్లు వంతులేసుకుని ఒకరు వాళ్ల దగ్గర ఉండండి. వెదురుబొమ్మ కొన్న మనవడు పరుగెత్తుకొచ్చి ముందు చూపించేది మామ్మకే!

బయల్దేరే ముందు...

* నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. బయల్దేరే ముందురోజు ఫోన్ చేసి బోట్లు తిరుగుతున్నాయో లేదో కనుక్కోండి.

* రాజమండ్రి నుంచి గండిపోచమ్మ గుడి దాకా రోడ్డు దారి తక్కువ, బోటులో గడిపే సమయం ఎక్కువ. భద్రాచలం నుంచి పోచవరం దాకా రోడ్డు మీద ఎక్కువసేపు కూర్చోవాలి, బోటు ప్రయాణం తక్కువ. మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఏది సులువో చూసుకుని ఎంచుకోండి.

* టికెట్టు తీసుకునేటప్పుడే మూడు ప్రశ్నలు అడగండి. రేవులో ఎన్ని మెట్లు దిగాలి? బోటులో వెస్టర్న్ టాయిలెట్ ఉందా? పిల్లల సైజు జాకెట్లు ఉన్నాయా?

* మడతపెట్టే చక్రాల కుర్చీ, జారని చెప్పులు, పిల్లలకు మరో జత బట్టలు వెంట ఉంచుకోండి.

* దారిలో మందుల షాపు ఉండదు. బీపీ, షుగరు మాత్రలూ వాంతుల మందూ చేతిసంచిలోనే పెట్టుకోండి.