ఊత్తుకోటలో ఉగాది ముందురాత్రి

చెన్నపట్నం నుంచి తిరుపతికి పెరియపాళెం మీదుగా బస్సులో పోయినవారు మనలో చాలామంది ఊత్తుకోటను చూచే ఉంటారు. దిగి చూచినవారు మాత్రం తక్కువ. భవానీ అమ్మవారి గుడి దాటిన కొంతసేపటికి బజారు, పూలగంపలు, టీ అంగళ్ళు వస్తవి. కండక్టరు తమిళంలో ఊరి పేరు అరుస్తాడు. ఎక్కే ఆడవారు తెలుగులో చిల్లర అడుగుతారు. ఇంకొక రెండు మూడు కిలోమీటర్లు పోతే సురుటుపల్లి, అది ఆంధ్రదేశం. గరళం మింగిన శివుడు అమ్మవారి ఒడిలో తల పెట్టి పడుకొన్న గుడి అక్కడ ఉన్నది. ప్రదోషం నాడు ఊత్తుకోట సగం అక్కడే ఉంటుంది.

మా పెదనాయనగారి ఇల్లు ఊత్తుకోటలో, ఆరణి ఏటికి దగ్గర. చిన్నప్పుడు సెలవులు వస్తే మేమంతా అక్కడ చేరేవాళ్ళం. ఏరంటే నీళ్ళున్న ఏరని పాఠకులు అనుకోవద్దు. ఏడాదిలో ఎక్కువ నెలలు అది ఇసుక మైదానం. పైన పిచ్చాటూరు ఆనకట్ట నిండి నీళ్ళు వదిలినప్పుడే అది ఏరు. అప్పుడు రోడ్డు మునిగి, అవతలి ఒడ్డున నిలిచిన బస్సును ఇవతలి ఒడ్డునుంచి చూస్తూ జనం నిలబడటం నేను ఎన్నోసార్లు చూచాను.

ఎదురుచూడటం ఆ ఊరివారికి కొత్త కాదు. సరిహద్దు సంగతి తేలేదాకా ఎదురుచూచారు. పటాస్కర్‌గారి సిఫారసుల మీద 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మదరాసు రాష్ట్రానికి పోయినది, సత్యవేడు ప్రాంతం ఆంధ్రకు వచ్చినది, ఊత్తుకోట ఉన్నచోటనే ఉన్నది. తరువాత కృష్ణ నీళ్ళ కోసం ఎదురుచూచారు. 1983లో ఒప్పందమైతే, కండలేరు నుంచి నూటయాభై కిలోమీటర్లకు పైగా కాలువ తవ్వి, ఊరి దగ్గరి తామరైకుప్పం వద్ద ఆ నీళ్ళు సరిహద్దు దాటేసరికి 1996 వచ్చినది. ‘వస్తాయంటావా?’ అనే మాటకు ‘వస్తేగాని రావు’ అని జవాబు చెప్పటం మా పెదనాయనకు అప్పుడే అలవాటైనది.

ఇంతకూ నేను చెప్పబోయేది నీళ్ళ సంగతి కాదు, బంతాట సంగతి.

2018 మార్చి 17, శనివారం. మరునాడు విళంబి నామ ఉగాది. ఆఫీసు ఒంటిపూటకే విడిచి, నేను సాయంత్రానికి ఊత్తుకోట చేరాను. ఇల్లు పండుగ హడావుడిలో ఉన్నది. వదిన అమావాస్య ఒక్కపొద్దు ఉండి కూడా ఓళిగలకు శనగపప్పు రుబ్బిస్తున్నది. వాకిట్లో మా అన్న కొడుకు, ప్లస్ టూ పరీక్షలు రాస్తున్నవాడు, పుస్తకం ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. చదువుతున్నాడనుకొని మెచ్చుకొందామని వంగి చూస్తే, ఫిజిక్సు నోటుబుక్కు చివరి పేజీలో నిలువుగా గీత గీసి, ఒక ప్రక్క ‘గెలుస్తాం’, మరొక ప్రక్క ‘ఓడతాం’ అని వ్రాసుకొన్నాడు.

ఆ రాత్రి ఎనిమిదింటికి బెంగుళూరు కంఠీరవ మైదానంలో ఇండియన్ సూపర్ లీగు ఆఖరి ఆట. బెంగుళూరు జట్టుకూ చెన్నై జట్టుకూ పోటీ. చెన్నై జట్టు పేరు ‘చెన్నైయిన్’; తమిళంలో ‘చెన్నై యొక్క’ అని అర్థం. ఏమి యొక్క, ఎవరి యొక్క అన్నది చెప్పరు. వ్యాకరణం తెలిసిన మా పెదనాయనకు ఆ పేరు మీద ఎప్పుడూ కోపమే.

“ఎవరు గెలుస్తారు నాయనా?” అని అడిగాను.

“మనోళ్ళే చిన్నాయనా” అన్నాడు గభాలున. మళ్ళీ ఒక క్షణం ఆగి, “గెలుస్తారంటావా?” అని నన్నే అడిగాడు.

ఆ రెండు మాటలకూ నడుమ ఉన్న క్షణాన్ని నేను చాలాకాలం మరువలేదు.

బెంగుళూరు జట్టును చూచి భయపడటంలో తప్పు లేదు. 2013లో పుట్టిన జట్టు, మొదటి యేడే ఐ-లీగు గెలిచినది, 2016లో మళ్ళీ గెలిచినది. ఆ యేడే ఏ.ఎఫ్.సి. కప్పు ఫైనలు దాకా పోయినది. అంతకు ముందు మన దేశపు జట్టేదీ అంతదూరం పోలేదు. ఈ లీగులోకి క్రొత్తగా వచ్చి, పద్దెనిమిది ఆటలలో పదమూడు గెలిచి నలభై పాయింట్లతో పైన కూర్చున్నది. చెన్నై జట్టుది రెండవ స్థానమే గాని ముప్పైరెండు పాయింట్లు. ఇవన్నీ కుర్రవాడి పేజీలో ‘ఓడతాం’ ప్రక్కన ఉన్నవి. ఫిబ్రవరి 6న చెన్నైలోనే 3–1తో ఓడిపోవటం కూడా ఉన్నది. దానిక్రింద సెమీఫైనలులో సునీల్ ఛేత్రి ఒక్కడే పుణె మీద మూడు గోళ్ళు వేయటం.

‘గెలుస్తాం’ ప్రక్కన ఏమున్నవో కూడా చెప్పాలి. డిసెంబరు 17న అదే కంఠీరవలో చెన్నై 2–1తో గెలిచినది. ఆట ముగియవచ్చే వేళకు గెలుపు గోలు వేసినవాడు ధనపాల్ గణేశ్, చెన్నై వ్యాసర్‌పాడి కుర్రవాడు. ‘ఆ రోజూ పదిహేడే, ఈ రోజూ పదిహేడే’ అని వ్రాసి క్రింద రెండు గీతలు గీశాడు. ఆఖరి ఆటను సొంత మైదానంలో ఆడినవారు ఇంతవరకు రెండుసార్లూ ఓడారు: 2015లో గోవా, 2016లో కేరళ. ఆ గోవాను ఓడించినది చెన్నై జట్టే. 2015 డిసెంబరులో చెన్నపట్నం నీటమునిగి, సెమీఫైనలు ఆటను పుణెకు మార్చుకొని, 20వ తేదీన గోవాలో చివరి నిమిషాలలో రెండు గోళ్ళతో 3–2 అయినది. ఆ రోజులలో ఆరణి ఏరు మా పెదనాయన ఇంటి మెట్ల దాకా వచ్చినది. వదిన ఆ యేటిని తలచుకొంటే బియ్యం డబ్బాలు అటక మీదికి ఎక్కించిన సంగతి చెబుతుంది. కుర్రవాడు మెండోజా వేసిన గోలు చెబుతాడు.

ఇంతలో బెంగుళూరు నుంచి పండుగకు వచ్చినవాడు లోపలనుంచి వచ్చాడు. వదిన తమ్ముడి కొడుకు, అక్కడ ఉద్యోగం. అంటే మా వాడికి బావ. బావ అయిన తరువాత ఊరుకొంటాడా? నోటుబుక్కు లాక్కొని చూచి, “ఏందిరా, పదిహేడో తేదీని నమ్ముకొన్నారా మీరు! మేం ఛేత్రిని నమ్ముకొన్నాం” అన్నాడు.

“ఛేత్రి ఆ ఊరోడా ఏమి?” అన్నది వదిన.

“కాదత్తా, సికింద్రాబాదులో పుట్టినాడు.”

“అట్లయితే మన తెలుగుదేశంలో పుట్టినోడే గదా! వాణ్ణి ఎందుకురా తిడతావు?” అని వదిన కొడుకును కసిరినది. పాపం, మా వాడికి ఏమి చెప్పాలో తోచలేదు. నాకూ తోచలేదు. బెంగుళూరువారికి మరునాడు ఉగాది, మనకూ ఉగాది. చెన్నపట్నపు తమిళులకు సంవత్సరాది ఇంకొక నెలకు గాని రాదు. పండుగను బట్టి పోతే మేము బెంగుళూరు వైపు ఉండాలి, పుట్టుకను బట్టి పోతే ఛేత్రి వైపు ఉండాలి. కాని ఆ ఇంట్లో ముగ్గురం చెన్నై వైపే ఉన్నాము. వ్యాసర్‌పాడి కుర్రవాడు ఆడుతున్నాడన్నది ఒక్కటే కారణమేమో! ఊత్తుకోట ఇసుకలో ఆడేవాడికి వ్యాసర్‌పాడి అందరాని చోటు కాదు గదా.

అసలు గొడవ అక్కడే ఉన్నది. ఇంటర్ అయిన తరువాత చెన్నైలో ఫుట్‌బాల్ నేర్పే హాస్టలు ఉన్న కాలేజీలో చేరతానని వీడి పట్టు. మా అన్నకు ఎరువుల అంగడి. “చెన్నైలో నీలాంటోళ్ళు వేయిమంది ఆడతారు. నువ్వెంత, నీ ఆటెంత?” అన్నాడట. వీడి బడి జట్టు తిరువళ్ళూరులో ఒక పెద్ద బడి చేతిలో మూడేళ్ళు వరుసగా ఓడిపోయినది. అన్న ఆ మూడూ లెక్క చెప్పాడు. ఆ రోజు నుంచి తండ్రీ కొడుకులు అవసరానికి మించి మాట్లాడుకోవటం లేదు. ఇది వదిన నాకు వంటింటి గుమ్మంలో చెప్పినది. నన్ను నాలుగు మంచి మాటలు చెప్పమన్నది. నేను గుమాస్తాను, ఏ ఫైలు మీదనైనా మొదట కాదనే ఆలోచించటం అలవాటు. వాడి దగ్గరకు పోయి, “ఎక్కువ ఆశ పెట్టుకోకు నాయనా, తరువాత బాధ ఉండదు” అన్నాను. మంచి మాటే చెప్పాననుకొన్నాను.

“ఆశ పెట్టుకోకుండా చూసేదానికి అది ఆట ఎందుకు చిన్నాయనా?” అన్నాడు.

పెదనాయన పడకకుర్చీలో కళ్ళు మూసుకొని వింటున్నాడు. నిద్రపోతున్నాడనుకొన్నాము. “అరవైరెండులో కొరియావాళ్ళతో మొదటి ఆట ఏమైంది?” అన్నాడు ఉన్నట్టుండి. ఆ కాలపు సంగతులు ఆయనకు నిన్నటివి. జకార్తాలో ఏషియా క్రీడలు. దక్షిణ కొరియా మొదటి ఆటలోనే మనవాళ్ళను 2–0తో ఓడించినది. సెప్టెంబరు 4న ఆఖరి ఆటలో మళ్ళీ ఆ కొరియాయే ఎదురైనది. చూడవచ్చిన లక్షమంది మన జట్టుకు ఎదురు. ఇజ్రాయేలు, తైవాను జట్లను రానీయలేదని మన అధికారి ఒకాయన తప్పుపట్టినందుకు ఆ ఊరివారికి మనమీద మంట. జర్నైల్ సింగ్ తలకు గాయమైతే కట్టు కట్టించుకొని, వెనుక ఆడేవాడు ముందుకు వచ్చి ఆడాడు. హైదరాబాదులో పుట్టిన తంగరాజ్ జ్వరం నుంచి లేచి గోలు కాచాడు. ఆడించినవాడు మన హైదరాబాదు రహీంసాహెబు. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి వేశారు; 2–1. రహీంసాహెబు మరుసటి సంవత్సరం జూనులో కాలం చేశాడు. “ఆ రోజు ఇక్కడ ఎవరూ గెలుస్తామనుకోలేదు. పేపరులో చూచి, అచ్చు తప్పేమో అన్నాడు మా పోస్టుమాస్టరు” అని పెదనాయన మళ్ళీ కళ్ళు మూసుకొన్నాడు.

కుర్రవాడు నోటుబుక్కు తీసి ‘గెలుస్తాం’ ప్రక్కన ‘1962’ అని వ్రాసుకొన్నాడు. బావ నవ్వాడు గాని, అంతకు ముందున్నంత గట్టిగా కాదు.

ఎనిమిదయినది. ఆటంతా ఇక్కడ చెప్పను, చూచినవారికి గుర్తే. తొమ్మిదవ నిమిషంలోనే ఛేత్రి ముందుకు దూకి తలతో గోలు వేశాడు. బావ లేచి గంతులు వేశాడు. మా వాడు టీవీ వైపు చూడటం మాని నేల చూస్తున్నాడు. నేను ‘చెప్పాను గదా’ అనబోయి, వదిన నా వైపు చూచిన చూపుకు మాట మింగాను. పదిహేడవ నిమిషంలో కార్నరు. మైల్సన్ ఆల్వెస్ అనే బ్రెజిలువాడు అందరికంటె పైకి లేచి తలతో కొట్టాడు. సమానం! “పదిహేడు!” అని కుర్రవాడు కేక వేశాడు. సగం ఆట ముగియబోతుండగా మళ్ళీ కార్నరు, మళ్ళీ ఆల్వెస్ తల. అప్పుడు వెనుకనుంచి చప్పట్లు వినిపించినవి. చూతుము గదా, అంగడి కట్టేసి వచ్చిన మా అన్న, చెప్పులైనా విడవకుండా గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో! మేము చూచేసరికి చేతులు దించుకొని, “కాళ్ళు కడుక్కొని వస్తా” అని లోపలికి పోయాడు. పెళ్ళికి ముందు మా అన్న కూడా ఆ ఇసుకలోనే గోలు కాచేవాడు. నేను బంతి ఏరి తెచ్చేవాణ్ణి. కొడుక్కు ఆ సంగతి ఎప్పుడైనా చెప్పాడో లేదో.

అరవైయేడవ నిమిషంలో రఫాయెల్ అగస్టో మూడవది వేశాడు. ఇంక గెలిచినట్టే అన్నాను నేను. ‘ఆ మాట అనవద్దు, దిష్టి తగులుతుంది’ అని వదిన నన్నే కసిరినది. అన్నట్టే తొంభై నిమిషాలు దాటిన తరువాత మీకు అనేవాడు బెంగుళూరుకు ఇంకొకటి వేశాడు, 3–2. మిగిలిన ఆ రెండు మూడు నిమిషాలు మా అన్న గోడ గడియారం చూస్తున్నాడు, కొడుకు తండ్రిని చూస్తున్నాడు. ఈల ఊదగానే వీధిలో ఎవరో టపాకాయలు పేల్చారు.

మరునాడు ఉదయం వేపపూత పచ్చడి పంచుతూ వదిన బావకు మాత్రం ఒక చెంచా ఎక్కువ వేసినది. “చేదు వచ్చిందా అల్లుడా?” అంటే, “ఎల్లుండి ఆఫీసులో చెన్నైవాళ్ళు నలుగురున్నారత్తా, అది ఇంతకన్న చేదు” అన్నాడు.

కుర్రవాణ్ణి మా అన్న చెన్నై పంపలేదు. తిరువళ్ళూరులో డిగ్రీ చదివించాడు. ఒక ఆట చూచి మనసు మార్చుకొనే మనిషి కాడు ఆయన. కాని ఆ వేసవిలో ఒకనాడు ఏట్లో కొడుకు ఆడుతుంటే గట్టు మీద కూర్చొని చూచి వచ్చాడని వదిన ఫోనులో చెప్పినది. వాడిప్పుడు సరిహద్దు దాటి శ్రీసిటీలో ఒక కంపెనీకి ఉద్యోగానికి పోయి వస్తున్నాడు. ఆదివారాలు ఆడతాడు. మొన్న నాకు ఫోను చేశాడు.

“చిన్నాయనా, వచ్చే ఆదివారం సత్యవేడువాళ్ళతో ఆట ఉంది. పోయిన మూడుసార్లూ వాళ్ళే గెలిచినారు.”

“ఈసారి?” అన్నాను.

“ఈసారి మనమే” అన్నాడు. కొంచెం ఆగి, “గెలుస్తామంటావా?” అన్నాడు.

శనివారం సాయంత్రం బస్సుకే వస్తానని చెప్పాను.