గోడనెక్కిన తలుపు

తెలుగునాట ఇల్లు కట్టేవారు ద్వారబంధం నిలిపే రోజుకు ముహూర్తం పెట్టిస్తారు. గడపకింద నవధాన్యాలు వేసి, పసుపుకుంకుమలు అలంకరించి, వడ్రంగికి కొత్తబట్టలు పెట్టి గాని ఆ పని సాగనీయరు. కాని ఇల్లు విప్పే రోజుకు ముహూర్తమంటూ ఏదీ లేదు. పెంకులు ఒకరికి, దూలాలు ఒకరికి, తలుపులు మరొకరికి బేరమైపోతాయి. చెక్కడపు పని ఉన్న సింహద్వారం నగరంలోని ఏ హోటలు ముంగిటికో చేరుతుంది. వంటింటి తలుపును అడిగేవారుండరు. అది పొయ్యిలోకి పోతుంది.

కోనసీమలో ఒక మండువాలోగిలిని విప్పుతున్నప్పుడు ఆ ఇంటి ఆడపడుచు వంటింటి తలుపునే కోరుకున్నది. ఆమె ఉపాధ్యాయినిగా పదవీ విరమణ చేసి హైదరాబాదులో చిన్న ఫ్లాటులో నివసిస్తున్నది. "సింహద్వారం అడగక ఈ మసిబారిన చెక్కలెందుకే చెల్లీ?" అని అన్నగారు నవ్వాడు. ఆమె సమాధానం చెప్పలేదు. తలుపును లారీపై వేయించి తెచ్చుకున్నది.

అది ఆరడుగుల టేకు తలుపు. తొమ్మిదేసి అంగుళాల వెడల్పు, అంగుళంన్నర మందం గల మూడు నిలువు పలకలను అడ్డబద్దీలతో కలిపి చేసినది. టేకులోని సహజతైలం చెదలను దరిచేరనీయదు. ఏళ్ళ తరబడి ఆరిన చెక్క అంత సులభంగా వంకరపోదు. అందుచేతనే అనుభవమున్న వడ్రంగులు కొత్త చెక్కకంటె పాత చెక్కను ఎక్కువగా నమ్ముతారు. ఈ రోజుల్లో కొత్త చెక్కకు పాతదనపు రంగు పూసి అమ్మే అంగళ్ళు కూడా ఉన్నాయి. వయసును సైతం డబ్బాలో కొనుక్కోవచ్చునన్నమాట!

ఆ పలకలతో పుస్తకాల అరలు చేయించాలని ఆమె సంకల్పం. అవి బీరువాలో ఇమిడే అరలు కావు. కింద ఆధారమేదీ కనబడకుండా గోడలోంచి మొలిచినట్లు నిలిచే అరలు. వచ్చిన వడ్రంగి వయసు మళ్ళినవాడు. తలుపును నేలపై పరచి, ముందుగా అయస్కాంతంతో ప్రతి పలకనూ తడిమాడు. చెక్కలో దాగిన ఒక్క మేకు తగిలినా చిత్రిక పదును పోతుంది. బయటివైపు పాత ఆకుపచ్చ రంగు ఉన్నది. దానిని పొడిగా గీకవద్దని ఆమె పట్టుబట్టింది. ఆ పట్టుదల సమంజసమైనది. పూర్వపు రంగుల్లో సీసం కలిసేది. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం పదిలక్షల భాగాలకు 90 భాగాలు మించరాదన్న నిబంధన మనదేశంలో 2017 నవంబరులో గాని అమలులోకి రాలేదు. పాత రంగును గీకినప్పుడు లేచే ధూళి పసిపిల్లలకు ఎంతో చేటు. కనుక ముక్కుకు గుడ్డ కట్టుకొని, పలకను తడుపుతూ, ఆరుబయట ఆ రంగు తీశారు.

అడుగుభాగం నీళ్ళకు నాని పుచ్చినందున మూడు పలకలకూ అర అడుగు చొప్పున కోసివేశారు. మిగిలిన అయిదున్నర అడుగులను సగానికి కోస్తే ఆరు అరలవుతాయి. రెండు పలకలను అలాగే కోశాడు. మూడవదానిపై రంపం పెట్టబోతుండగా ఆమె వారించింది.

"ఆచారిగారూ, ఇది కోయవద్దు."

ఆ పలక లోపలివైపు నడుమభాగంలో కత్తిమొనతో గీసిన గీతలు వరుసలు వరుసలుగా ఉన్నాయి. ఆమె తల్లికి చదువురాదు. గేదెపాలు పొరుగువారికి పోస్తూ, సోలకు ఒక గీత చొప్పున తలుపుపై గీసుకునేది. నెల తిరిగాక ఆ గీతలు లెక్కించి డబ్బు అడిగేది. కూతురి బడి జీతం, పుస్తకాలు, ఆ తరువాత కాలేజీ ఖర్చు ఆ పాలడబ్బులోంచే వెళ్ళాయి. సగానికి కోస్తే రంపం సరిగ్గా ఆ లెక్కల మీదుగా పోతుంది.

వడ్రంగి కొంతసేపు ఆలోచించాడు. "కోయకపోతే బరువమ్మా. ఉత్త చెక్కే తొమ్మిది కిలోలుంటుంది. పైన పుస్తకాలు పేరిస్తే గోడ మోయాలి కదా!" అన్నాడు. అతని భయంలో న్యాయమున్నది. ఇటువంటి అరకు గోడలో దిగిన ఇనుపకడ్డీలే ప్రాణం. అర వెడల్పు పెరిగినకొద్దీ కడ్డీలను పెకలించే బలమూ పెరుగుతుంది. గదుల మధ్య ఉండే నాలుగున్నర అంగుళాల గోడ అంత భారానికి తగదు. చివరకు పడకగదిలోని తొమ్మిదంగుళాల బయటిగోడను ఎంచుకొని, అయిదుచోట్ల నాలుగంగుళాల లోతున కడ్డీలు దించి సిమెంటుతో బిగించాడు. పలక వెనుక అంచులో వాటికి సరిపోయే బెజ్జాలు తొలిచి, సిమెంటు గట్టిపడేదాకా రోజుల తరబడి ఆగి, ఆపైన తొడిగాడు. బెజ్జాలు చెక్క మందంలోనే సాగినందువల్ల గీతలకు ఏ హానీ కలుగలేదు.

చిత్రిక పట్టడం దగ్గర మాత్రం మరొకసారి మాట పెరిగింది. రెండువైపులా నునుపు చేయకపోతే తన పనికి చెడ్డపేరు వస్తుందని అతడన్నాడు. రంగు తీసిన వైపే చిత్రిక పట్టమని ఆమె కోరింది. ఆ వైపు పైకి వచ్చి పుస్తకాలను మోస్తుంది. మసిబారిన వైపు కిందికి ఉంటుంది. అతడు అయిష్టంగానే ఒప్పుకున్నాడు. ఆ మసిపై మాత్రం తానే స్వయంగా నూనెగుడ్డతో రెండుసార్లు తుడిచి వెళ్ళాడు.

నిలబడి చూసేవారికి ఆ గీతలు కనబడవు. ఆ అర కింద మంచమున్నది. సెలవులకు వచ్చిన మనుమరాలు దానిపై వెల్లకిలా పడుకొని ఒక మధ్యాహ్నమంతా వాటిని లెక్కపెట్టింది. రెండువందలు దాటాక వరుస తప్పి, మళ్ళీ మొదలుపెట్టింది. నడుమ ఒకచోట జానెడు మేర గీతలు లేవెందుకని అడిగింది.

అవి గేదె ఒట్టిపోయిన నెలలని అమ్మమ్మ చెప్పింది.